‘పెరిగింది’ ఒక్కటే చాలదు: బలం, తీవ్రత హెచ్చడాన్ని చెప్పే ఇంగ్లీషు మాటలను ఎంచుకునే పద్ధతి

చెన్నైలో ఉద్యోగానికో, చదువుకో, వైద్యానికో వచ్చిన తెలుగువారిలో చాలామందికి తమిళం మాట్లాడటం కొంత వచ్చినా రాయడం రాదు. ఎదుటివారికి తెలుగు రాదు. కాబట్టి డాక్టరుతోనూ, ఇంటి యజమానితోనూ, ఆఫీసులో పై అధికారితోనూ వ్యవహారమంతా ఇంగ్లీషులోనే నడుస్తుంది. ఆ ఇంగ్లీషులో మనం ఎక్కువగా తడబడే చోట్లలో ఒకటి, ఏదైనా ఒకటి బలపడుతోందని, ముదురుతోందని, తీవ్రమవుతోందని చెప్పవలసిన సందర్భం. ఇన్నేళ్లుగా ఈ నగరంలో అనువాదాలు చేస్తూ, మనవాళ్లు రాసుకొచ్చిన ఉత్తరాలను దిద్దుతూ నేను అలవరచుకున్న పద్ధతిని ఇక్కడ వివరిస్తాను.

ఈ పాఠం నాకు మొదట ఒక ఆసుపత్రి వార్డులో తగిలింది. పిత్తాశయంలో రాళ్ల నొప్పితో మా పిన్నిని చేర్పించి, సాయంగా నేనే ఉన్నాను. సాయంత్రం రౌండ్సుకు వచ్చిన తమిళ డాక్టరు, ఎలా ఉందని ఇంగ్లీషులో అడిగారు. పిన్ని నా వైపు తిరిగి, “నొప్పి అంతకంతకూ ఎక్కువవుతోందని చెప్పరా” అంది. నేను క్షణం కూడా ఆలోచించకుండా “పెయిన్ ఈజ్ ఇంప్రూవింగ్, సర్” అన్నాను. ఆయన “గుడ్” అని తలూపి, చీటీలో ఏదో రాసి, పక్క మంచానికి వెళ్లిపోయారు. రాత్రి ఇంజెక్షనుకు బదులు నర్సు ఒక మాత్ర తెచ్చి ఇచ్చింది. ‘ఇంప్రూవ్’ అంటే మెరుగుపడటమని, నొప్పి ఇంప్రూవ్ అయిందంటే తగ్గుముఖం పట్టిందని అర్థమని తెల్లవారాక మరో డాక్టరు చెప్పేదాకా నాకు తట్టలేదు. బడిలో ‘ఇంప్రూవ్ యువర్ హ్యాండ్‌రైటింగ్’ అన్నప్పుడల్లా పెంచుకోమంటున్నారనే అనుకున్నాను గనుక, పెరిగే ప్రతిదానికీ ఆ మాట సరిపోతుందని నా బుర్రలో నాటుకుపోయింది. పిన్ని ఆ రాత్రంతా పక్క మీద దొర్లుతూనే ఉంది.

మొదటి మెట్టు: ఇంగ్లీషు కంటే ముందు తెలుగు మాటను సరిచేసుకోవడం

తప్పు ఇంగ్లీషులో మొదలు కాదు. మనసులో ‘పెరిగింది’ లేదా ‘ఎక్కువైంది’ అని అనుకుని, దానికి సరిపోయే ఇంగ్లీషు మాట కోసం తడుముకోవడంలో మొదలవుతుంది. అలా తడిమితే చేతికి తగిలేది ఎప్పుడూ ‘ఇంక్రీజ్’ ఒక్కటే. అది తప్పు మాట కాదు. ధరకు, జీతానికి, సంఖ్యకు, వేగానికి, అంటే కొలతకు లొంగే వాటన్నిటికీ అదే మేలైన మాట. కానీ గొడవకు, జబ్బుకు, తుపానుకు, అనుమానానికి దాన్ని అంటగడితే వాక్యం చప్పబడిపోతుంది.

చిత్రమేమిటంటే, అదే విషయాన్ని మన ఊళ్లో మనవాళ్లతో చెప్పేటప్పుడు మనం ‘పెరిగింది’తో సరిపెట్టుకోము. జ్వరం ముదిరింది అంటాము, పాత పగ రాజుకుంది అంటాము, వ్యాపారం పుంజుకుంది, జనం పోటెత్తారు, బాకీలు పేరుకుపోయాయి, చీకటి చిక్కబడింది అంటాము. ఇన్ని మాటలు నోట్లో ఉన్నవారు ఇంగ్లీషు గుమ్మం దగ్గరికి వచ్చేసరికి వాటన్నిటినీ బయటే వదిలేసి, ఒక్క ‘ఇంక్రీజ్’ను వెంటబెట్టుకుని లోపలికి వెళ్తారు. కాబట్టి ముందుగా, మీ అమ్మమ్మతో చెప్పవలసి వస్తే ఏ మాట వాడతారో ఆ మాటను గుర్తుచేసుకోండి. ఆ మాట దొరికితే ఇంగ్లీషు మాట సగం దొరికినట్లే.

రెండో మెట్టు: తెలుగు మాట నుంచి ఇంగ్లీషు మాటకు

‘బలపడు’కు రెండు మాటలు ఉన్నాయి, వాటి మధ్య తేడాను పట్టుకోవాలి. ‘స్ట్రెంగ్తెన్’ అనేది సాధారణంగా మనం కోరుకునే బలానికి వస్తుంది: కండరాలు, స్నేహం, రూపాయి, పునాది, ఒక వాదన. ఋతుపవనాలకు కూడా వాడవచ్చు. ‘ఇంటెన్సిఫై’లో మంచిచెడ్డల తీర్పు లేదు, ఒత్తిడి, వేడి, జోరు పెరగడమే దాని అర్థం. గాలింపు, పోటీ, ఎండ, నొప్పి, తుపాను, అన్నీ ఇంటెన్సిఫై అవుతాయి. ‘మై ఫీవర్ ఈజ్ స్ట్రెంగ్తెన్డ్’ అని సెలవు చీటీలో రాసిన కుర్రవాడిని నేనెరుగుదును. జ్వరానికి అతడు పౌష్టికాహారం పెట్టి పోషిస్తున్నట్లు వినిపిస్తుంది ఆ వాక్యం.

‘ముదురు’ అన్నది మన భాషలోని గొప్ప మాటల్లో ఒకటి. ఇంగ్లీషులో దానికి ఒకే సమానార్థకం లేదు. జబ్బు ముదిరితే ‘వర్సెన్’ లేదా తేలికగా ‘గెట్ వర్స్’. తగాదా ముదిరితే ‘ఎస్కలేట్’. సంక్షోభం ముదిరితే ‘డీపెన్’. రంగు ముదిరినా ‘డీపెన్’ లేదా ‘డార్కెన్’. బెండకాయ ముదిరితే మాత్రం వీటిలో ఏదీ పనికిరాదు, అది ‘టఫ్’ అయిందని చెప్పి పక్కన పెట్టాలి.

‘రాజుకొను’కు ‘ఫ్లేర్ అప్’ అచ్చంగా సరిపోతుంది, రెండింటిలోనూ ఉన్నది నిప్పే. అణగారినట్లు కనిపించిన కీళ్ల నొప్పి, చర్మవ్యాధి, పాత వైరం హఠాత్తుగా తిరగబెడితే ఈ మాట వాడాలి. ‘పుంజుకొను’కు ‘పికప్’. వ్యాపారం, వేగం, గాలి పికప్ అవుతాయి. ‘ఊపందుకొను’కు ‘గ్యాదర్ మొమెంటం’. ‘పేరుకొను’కు ‘బిల్డ్ అప్’ లేదా ‘మౌంట్’. ఒత్తిడి, అప్పులు, నష్టాలు, సాక్ష్యాలు మౌంట్ అవుతాయి. పాత మహాబలిపురం రోడ్డు మీద సాయంత్రం ఆరింటికి వాహనాలు బిల్డ్ అప్ అవుతాయి తప్ప స్ట్రెంగ్తెన్ కావు. ‘ఊతమిచ్చు’కు ‘బూస్ట్’, ‘బోల్‌స్టర్’ ఉన్నాయి. బోల్‌స్టర్ అంటే అసలు అర్థం పొడవాటి దిండు, మన బాలీసు వంటిది. జారగిలబడినవాడి వీపు వెనుక దిండు పెట్టినట్లు, నీరసించిన వాదనకో, నమ్మకానికో ఆసరా ఇవ్వడం అనుకుంటే మరచిపోరు.

‘చిలికి చిలికి గాలివాన’ అన్న సామెత ‘ఎస్కలేట్’కు ఎంత దగ్గరో చూడండి. ఈ మాట పుట్టుక తెలిస్తే దాని స్వభావం తెలుస్తుంది. ఓటిస్ కంపెనీ 1900లో పారిస్ ప్రదర్శనలో చూపిన కదిలే మెట్లకు ‘ఎస్కలేటర్’ అన్నది వ్యాపార నామం. 1950లో అమెరికాలో అది తన ప్రత్యేక హక్కు కోల్పోయి మామూలు నామవాచకమైంది. ‘ఎస్కలేట్’ అన్న క్రియను ఆ యంత్రం పేరు నుంచే వెనక్కి విడదీశారు. యుద్ధం మెట్టుమెట్టుగా పెద్దదవడమనే అర్థం దానికి ప్రచ్ఛన్న యుద్ధ కాలంలో స్థిరపడింది. ఒకసారి మెట్టు మీద కాలు పెట్టాక, మనం నడవకపోయినా అదే పైకి తీసుకుపోతుంది, మధ్యలో దిగడం కష్టం. గొడవలు, ఖర్చులు, ఉద్రిక్తతలు అలాంటివే. ఎండ ఎస్కలేట్ కాదు, వాన ఎస్కలేట్ కాదు. మన ఐటీ ఆఫీసుల్లో దీనికి మరో అర్థం ఉంది, సమస్యను పై అధికారి దాకా తీసుకువెళ్లడం. అందుకే ‘ఐ విల్ ఎస్కలేట్’ అన్న మాట వింటే కొత్తగా చేరినవారికి గుండె జారిపోతుంది. కస్టమరుకు రాసే ఉత్తరంలో ‘ది ఇష్యూ హాజ్ ఎస్కలేటెడ్’ అంటే సమస్య ముదిరిందని, ‘ది ఇష్యూ హాజ్ బీన్ ఎస్కలేటెడ్’ అంటే పైవారికి నివేదించామని అర్థం. నడుమ ఉన్న ఒక్క ‘బీన్’ మీదే తేడా అంతా ఆధారపడి ఉంది.

‘పుండు మీద కారం చల్లడం’ అనదగిన చోట ‘అగ్రవేట్’, ‘ఎగ్జాసర్బేట్’ వస్తాయి. ఇప్పటికే చెడ్డగా ఉన్నదాన్ని మరింత చెడగొట్టడమే రెండింటి పని. కాబట్టి మంచి విషయాలకు ఇవి ఎన్నడూ రావు. అగ్రవేట్ లాటిన్‌లోని ‘గ్రావిస్’ నుంచి వచ్చింది, బరువైనదని దాని అర్థం. అది మన ఛందస్సులోని లఘు గురువుల ‘గురు’ శబ్దానికి చుట్టమే. ఎగ్జాసర్బేట్‌లో ఉన్నది చేదు, కరకుదనం. దీన్ని ‘ఎగ్జాస్పరేట్’తో కలిపేయకండి, అది మనిషికి విసుగెత్తించడం. ఆస్తమా ఉన్నవారి చీటీలో ‘ఎగ్జాసర్బేషన్’ అని రాసి ఉంటే, ఉన్న జబ్బు ఒక్కసారిగా ఉద్ధృతమైందని అర్థం. డాక్టరు ‘అగ్రవేటింగ్ ఫ్యాక్టర్స్’ ఏమిటని అడిగితే, ఏం చేసినప్పుడు నొప్పి హెచ్చుతోందో చెప్పాలి: మెట్లెక్కితేనా, తిన్న తరువాతనా, పడుకుంటేనా.

మూడో మెట్టు: దానంతట అదేనా, ఎవరైనా చేస్తున్నారా

తెలుగులో ఈ తేడా క్రియ చివరనే కనిపిస్తుంది. బలపడు, బలపరచు. తీవ్రమగు, తీవ్రతరం చేయు. ఇంగ్లీషులో ‘స్ట్రెంగ్తెన్’, ‘ఇంటెన్సిఫై’, ‘డీపెన్’, ‘వర్సెన్’ రెండు పనులూ చేస్తాయి, అంటే అకర్మకంగానూ సకర్మకంగానూ నడుస్తాయి. వీటిని కర్మ లేకుండా వాడేటప్పుడు మనవాళ్లు అనవసరంగా ‘ఈజ్’ చేర్చి ‘ది స్టార్మ్ ఈజ్ ఇంటెన్సిఫైడ్’ అంటారు. ‘ది స్టార్మ్ హాజ్ ఇంటెన్సిఫైడ్’ అనాలి.

అగ్రవేట్, ఎగ్జాసర్బేట్, రీఇన్‌ఫోర్స్, ఫోర్టిఫై, బోల్‌స్టర్ వంటి వాటికి కర్మ ఉండి తీరాలి. ‘ది పెయిన్ అగ్రవేటెడ్’ అంటే వినేవారు ‘దేన్ని’ అని ఎదురుచూస్తారు. ‘క్లైంబింగ్ స్టెయిర్స్ అగ్రవేట్స్ ది పెయిన్’ అంటే సరిపోతుంది. దీనికి విరుద్ధంగా, సర్జ్, సోర్ అనేవి వాటంతట అవే జరుగుతాయి. ధరలు సోర్ అవుతాయి, వ్యాపారి ధరలను సోర్ చేయలేడు.

నాలుగో మెట్టు: మాట కట్టుబడిని గమనించడం

చివర ‘ఎన్’ చేరి క్రియలయ్యే పొట్టి మాటలు ఒక కుదురు: డీపెన్, షార్పెన్, హార్డెన్, డార్కెన్. ఇక్కడ ఒక చిక్కుంది. ‘స్ట్రాంగ్’ నుంచి ‘స్ట్రాంగెన్’ రాదు, ‘లాంగ్’ నుంచి ‘లాంగెన్’ రాదు. ముక్కుతో పలికే ధ్వనుల మీదా, అచ్చుల మీదా ముగిసే విశేషణాలకు ఈ ‘ఎన్’ అతకదు. అందుకే ‘స్ట్రెంగ్త్’, ‘లెంగ్త్’ అనే నామవాచకాలను పట్టుకుని స్ట్రెంగ్తెన్, లెంగ్తెన్ చేశారు. ‘స్లో’కు, ‘థిన్’కు అసలు ‘ఎన్’ రూపమే లేదు.

‘ఇఫై’ కుదురు లాటిన్ మార్గంలో వచ్చింది: యాంప్లిఫై, మాగ్నిఫై, ఫోర్టిఫై. ధ్వనికి, విద్యుత్ సంకేతానికి యాంప్లిఫై. కంటికి కనిపించే పరిమాణానికి మాగ్నిఫై. కోటకు, ఆహారానికి ఫోర్టిఫై. మెరీనా పక్కనున్న 1640ల నాటి సెయింట్ జార్జ్ కోట పేరులోని ‘ఫోర్ట్’, రేషను బియ్యం సంచి మీది ‘ఫోర్టిఫైడ్’ ఒకే తల్లి బిడ్డలు. గోడ కట్టినా, ఇనుము, ఫోలిక్ ఆమ్లం చేర్చినా, బయటి నుంచి ఒకటి తెచ్చి రక్షణ పెంచడమే. ఆర్.సి.సి. శ్లాబులోని మొదటి ఆర్, ‘రీఇన్‌ఫోర్స్‌డ్’, ఇలాంటిదే. లోపల ఊచలు పెట్టి కాంక్రీటుకు బలం తెచ్చినట్లు, ఉన్నదానికి లోపల దన్ను చేర్చడం. ఈ కుదురులో ‘ఇంటెన్సిఫై’ వయసు తక్కువ. ఆంగ్ల కవి కోల్‌రిడ్జ్ 1817లో అచ్చయిన తన రచనలో దాన్ని వాడుతూ, జాన్సన్ నిఘంటువులో ఈ మాట లేదని, తన చెవికే మొరటుగా ఉందని సంజాయిషీ చెప్పుకున్నాడు. ఇప్పుడు వాతావరణ కేంద్రానికి ఆ మాట లేనిదే పూట గడవదు.

‘ఆగ్మెంట్’ గురించి ఒక్క ముక్క. ఉన్నదానికి కొంత చేర్చి పెంచడం దాని అర్థం. దాని లాటిన్ మూలానికీ మన ‘ఓజస్సు’కూ బంధుత్వం ఉంది. ‘వ్యాక్స్’ ఇప్పుడు దాదాపు చంద్రుడికే మిగిలింది, శుక్లపక్షంలో ‘వ్యాక్సింగ్’, కృష్ణపక్షంలో ‘వేనింగ్’.

ఐదో మెట్టు: తుపాను ప్రకటన మీద సాధన

తీవ్రత పెరుగుదలను మెట్టుమెట్టుగా, ఒక్క అనవసరపు మాట లేకుండా ఎలా చెప్పాలో నేర్చుకోవాలంటే, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా భారత వాతావరణ శాఖ వెలువరించే ప్రకటనలను మించిన పాఠ్యపుస్తకం లేదు. చెన్నైలో ఉన్నవారికి ఆ పాఠం ఏటా ఇంటి గుమ్మానికే వస్తుంది. 2016 డిసెంబరు 12న వర్దా మన నగరం దగ్గర తీరం దాటి వేలాది చెట్లను పెకలించింది. 2023 డిసెంబరులో మిగ్‌జాం చెన్నైని ముంచి, బాపట్ల దగ్గర తీరం దాటింది.

ఆ ప్రకటనల్లోని క్రియలను గమనించండి. అల్పపీడనం వాయుగుండమైతే ‘కాన్సన్‌ట్రేటెడ్ ఇంటూ ఎ డిప్రెషన్’ అంటారు, చెదిరి ఉన్నది ఒక చోట గూడుకట్టుకుందని భావం. అక్కడి నుంచి పై మెట్లన్నిటికీ ‘ఇంటెన్సిఫైడ్ ఇంటూ’. నిలకడగా వీచే గాలి వేగం గంటకు 31 కిలోమీటర్లకు చేరితే వాయుగుండం, 50కు చేరితే తీవ్ర వాయుగుండం, 62కు చేరితే తుపాను, 88 దాటితే తీవ్ర తుపాను, 117 దాటితే అతి తీవ్ర తుపాను, దాని పై మెట్టు అత్యంత తీవ్ర తుపాను. 222కు చేరితే సూపర్ సైక్లోన్, 1999 అక్టోబరులో ఒడిశాను తాకినది ఆ కోవకు చెందినది. ప్రతి మాట వెనుకా ఒక కొలత ఉంది కాబట్టి, ‘సివియర్’ అన్నది ఆ ప్రకటనలో ఉట్టి విశేషణం కాదు, ఒక హోదా. అనువాదంలో అలంకారం కోసం ‘భీకర’, ‘ప్రచండ’ అని మార్చడం పొరపాటు. ఒక్క రోజులో గాలి వేగం గంటకు సుమారు 55 కిలోమీటర్లు హెచ్చితే ‘ర్యాపిడ్ ఇంటెన్సిఫికేషన్’ అంటారు.

ఇంకో రెండు విషయాలు. మెట్టు మారినప్పుడు ‘ఇంటూ’, అంకె చెప్పేటప్పుడు ‘టు’, తేడా చెప్పేటప్పుడు ‘బై’. అద్దె 15,000 నుంచి 17,000 అయితే ‘ఇంక్రీజ్డ్ బై 2,000’, ‘ఇంక్రీజ్డ్ టు 17,000’. ‘బై’ అనవలసిన చోట ‘టు’ అంటే యజమాని అద్దెను 2,000కు దించినట్లవుతుంది, అంత అదృష్టం మనకెక్కడిది. రెండోది, ‘స్టార్మ్ సర్జ్’. దాన్ని తుపాను తాకిడి అని కొందరు రాస్తారు, కానీ దానికి మన దగ్గర ‘ఉప్పెన’ అనే మాట ఉంది. 1977 నవంబరు 19న దివిసీమను ముంచింది అదే. సర్జ్ అంటే ఒక్కసారిగా పైకి లేవడం. కరెంటు సర్జ్‌లో టీవీ కాలిపోవడం, పండగ ముందు రైల్వే టికెట్లకు గిరాకీ సర్జ్ కావడం, అన్నిటిలోనూ ఆ అల ఆకారమే ఉంది. నెలల తరబడి మెల్లగా పెరిగినదాన్ని సర్జ్ అనకూడదు.

ఆరో మెట్టు: విశేషణం ఏదో చూసి క్రియను దించడం

ఏ మాటా దొరకనప్పుడు విశేషణం కాపాడుతుంది. వానకు ‘హెవీ’, గాలికి ‘స్ట్రాంగ్’, జ్వరానికి ‘హై’, నొప్పికి ‘సివియర్’, పొగమంచుకు ‘థిక్’, ఎండకు ‘ఇంటెన్స్’. ‘ది రెయిన్ గాట్ హెవియర్’ అని చెప్పడంలో నామోషీ ఏమీ లేదు, పుట్టు ఇంగ్లీషువారు కూడా ఇలాగే మాట్లాడతారు. చిక్కటి ఫిల్టర్ కాఫీని ‘థిక్’ అనకండి, డికాషన్ ఎక్కువైతే అది ‘స్ట్రాంగర్’. ‘మోర్ స్ట్రాంగర్’ అని రెండు సార్లు పెంచవద్దు. ‘అంతకంతకూ’ అనాలంటే ‘స్ట్రాంగర్ అండ్ స్ట్రాంగర్’ అని జంటగా గానీ, ‘ఇంక్రీజింగ్లీ’ అని గానీ అనండి. ‘ఇంటెన్స్’ అంటే తీవ్రమైనది, ‘ఇంటెన్సివ్’ అంటే తక్కువ కాలంలో ఎక్కువ శ్రమను కుక్కినది. నొప్పి ఇంటెన్స్, శిక్షణ ఇంటెన్సివ్.

చాలా ఎక్కువైందనడానికి ‘ఎక్స్‌పొనెన్షియల్’ అనే అలవాటు మానుకోవడం మంచిది. ప్రతిసారీ అంతకు ముందున్నదానికి ఒకే నిష్పత్తిలో, రెట్టింపో, మూడింతలో అవుతున్నట్లు, పెరుగుతూ పోతేనే ఆ మాట. భూకంప పరిమాణం (మాగ్నిట్యూడ్) 5 నుంచి 6కు పెరిగితే విడుదలయ్యే శక్తి సుమారు 32 రెట్లవుతుంది, శబ్దం 10 డెసిబెల్స్ పెరిగితే దాని శక్తి పదింతలవుతుంది. ఇటువంటి కొలతల దగ్గర ‘కొద్దిగా పెరిగింది’ అనడం కూడా అంతే ప్రమాదం. డిసెంబరు కచేరీల కాలంలో వినిపించే ‘క్రెసెండో’ మరొకటి. తనియావర్తనంలో, అంటే కచేరీలో తాళవాద్యాలే విడిగా మోగే భాగంలో, మృదంగం క్రమంగా జోరందుకోవడం క్రెసెండో, ముక్తాయింపు దగ్గరి శిఖరం క్రెసెండో కాదు.

చివరి మెట్టు: రాసినదాన్ని తిరగరాయడం

గత వానాకాలంలో మా వీధిలోని ఫ్లాట్లలో ఉండే ఒక నెల్లూరు పెద్దాయన, మిద్దె చెమ్మ గురించి ఫ్లాట్ల సంఘానికి రాసిన ఉత్తరం దిద్దమని తెచ్చారు. దానిలో ఇంక్రీజ్ ఐదు చోట్ల ఉంది: చెమ్మ ఇంక్రీజ్, వాసన ఇంక్రీజ్, మా ఆవిడ దగ్గు ఇంక్రీజ్, పై ఇంటివారితో మాటామాటా ఇంక్రీజ్, ఖర్చు ఇంక్రీజ్. “అయ్యా, ఇవన్నీ తెలుగులో నాకు చెప్పండి” అన్నాను. ఆయన గుక్క తిప్పుకోకుండా చెప్పారు: “చెమ్మ గోడంతా పాకిందండి, వాసన భరించలేకుండా ఉంది, చలికి తోడు ఈ బూజు వల్ల మా ఆవిడకు దగ్గు ముదిరింది, పై వాళ్లతో చిన్న మాట కాస్తా పెద్ద తగాదా అయింది, రిపేరు ఖర్చు తడిసి మోపెడవుతోంది.”

ఇక దిద్దడం ఎంతసేపు. చెమ్మ ‘హాజ్ స్ప్రెడ్ అక్రాస్ ది వాల్’. వాసన ‘హాజ్ బికమ్ అన్‌బేరబుల్’. బూజు ‘హాజ్ అగ్రవేటెడ్ మై వైఫ్స్ కాఫ్’, ఇక్కడ చేసినది బూజు, పడినది దగ్గు, కర్త కర్మ రెండూ దొరికాయి. తగాదా ‘హాజ్ ఎస్కలేటెడ్’. ఖర్చులు ‘ఆర్ మౌంటింగ్’. ఐదింటిలో ఒక్క ఇంక్రీజ్ అయినా మిగల్చమని ఆయన పట్టుబట్టారు, లేకపోతే తాను రాసినట్లు అనిపించదట. అందుకని చివర, నెలవారీ నిర్వహణ రుసుమును 500 పెంచినా తమకు అభ్యంతరం లేదన్న వాక్యంలో ‘ఇంక్రీజ్డ్ బై 500’ అని ఉంచాము. అక్కడ అదే సరైన మాట.